సూది వెయ్యని డాక్టరు

మొన్న బీపీ చూపించుకుందామని కల్లూరులో మా ఇంటి దగ్గరి చిన్న క్లినిక్కుకు పోయి, నా వంతు కోసం బల్ల మీద కూర్చుని ఉంటే, పక్కనే చీటీలు రాసే అమ్మాయి సెల్‌ఫోనులో ఏదో పాత సినిమా ముక్క చూస్తూ, ఈ ఆడమనిషి ఎంత బాగా చేసిందో చూడండి సార్, నిజంగా ప్రాణం పోతున్నట్టే ఉంది అంటూ ఫోను నా ముందుకు జరిపింది. చూద్దును గదా, అది నా సినిమా. నా సినిమా అంటే నేను తీసింది కాదు, నేను చెడగొట్టింది. తెల్లకోటు తొడుక్కుని, కళ్ళ కింద మసి పూసుకుని, చేతిలో సూది పట్టుకుని నిలబడ్డ ఆ దుర్మార్గపు వైద్యుణ్ణి నేనేనని ఆ అమ్మాయి గుర్తుపట్టలేదు. తప్పులేదు, అప్పటి జుట్టు ఇప్పుడు లేదు, నటన అప్పుడూ లేదు. అయితే నాకెదురుగా చెయ్యి చాపి కూర్చున్న ఆ ఆడమనిషి నటించడం లేదని మాత్రం చెప్పాలనుకున్నాను. ఇంతలో లోపలికి పిలిచారు. మీకైతే చెప్పవచ్చు. మన వయసువాళ్ళకు మిగిలిన ఆస్తి ఓపికే గదా.

ముప్పై ఏళ్ళ పైమాట. నేనప్పుడు ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ గుమాస్తాను. వచ్చే లారీనీ పోయే లారీనీ తూకం చూసి పంపడం ఉద్యోగం, సెలవు దొరికితే నాటకాలాడి జనాన్ని పంపడం వ్యసనం. మా మేనత్త కొడుకు, నాకు బావ, మద్రాసులో కొన్నాళ్ళు ఎవరెవరి దగ్గరో సహాయకుడిగా తిరిగి, చివరికి తానే ఒక దయ్యాల సినిమా తీస్తానని ఊరికి వచ్చాడు. కథ ఏమిటంటే, ఒక డాక్టరు పల్లెలో ఉచితంగా ఆసుపత్రి పెట్టి, తాను కొత్తగా కనిపెట్టిన మందును పేదవాళ్ళ మీద రహస్యంగా ప్రయోగిస్తుంటాడు, అది వికటించి చచ్చినవాళ్ళంతా దయ్యాలై తిరిగివస్తారు. వేషానికి తగిన మొహమని కాదు, ఉచితానికి తగిన మనిషినని నన్ను డాక్టరును చేశాడు.

మూతపడిన నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఒకటి ఊరి బయట ఖాళీగా ఉంటే, అదే మా ఆసుపత్రి అయింది. దీపాలు అద్దెకు తెచ్చే స్తోమతు లేక, రాత్రి జరిగే ఘట్టాలన్నీ మిట్టమధ్యాహ్నం కెమెరా ముందు నీలం గాజు పెట్టి తీసేవాళ్ళం. కడప జిల్లా ఎండలో దయ్యాలు చెమటలు కక్కుకుంటూ తిరగడం నేను మరెక్కడా చూడలేదు. ఆ దయ్యాలు చుట్టుపక్కల రాళ్ళ పనివాళ్ళే. వాళ్ళకు పౌడరు పూయనక్కర లేకపోయింది, పని నుంచి నేరుగా వస్తే చాలు, ఒళ్ళంతా రాతిపొడితో తెల్లగా ఉండేవాళ్ళు. కోటు కుట్టింది, మసి పూసింది కర్నూలులో మా పక్కింటి మామ, సినిమా కోసమే వచ్చి మాతో ఉన్నాడు. ఆయన ముస్లిం, దర్జీ, మాకు రక్తసంబంధం లేకపోయినా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మామే. నా కొలతలు తీసుకోకుండా మంచి డాక్టరు కొలతలతో కుట్టాడు కాబట్టి ఆ కోటులో నేను సగమే ఉండేవాణ్ణి.

బోర్డొకటి రాయించాము, ఉచిత వైద్యశాల అని, ఎర్రటి అక్షరాలతో. దాన్ని రోడ్డు వైపు తగిలించి మొదటిరోజు బొమ్మ తీసుకున్నాక, రోజూ దించి ఎక్కించే శ్రమ ఎందుకని మా బావ అలాగే వదిలేశాడు.

ఒకనాటి మధ్యాహ్నం, అంటే మా సినిమా లెక్కలో అర్ధరాత్రి, నేను సిరంజిలో ఎర్రటి షర్బత్తు నింపుకుని, మంచానికి కట్టేసిన మనిషిని సమీపించే ఘట్టం తీస్తున్నారు. కెమెరా తిరుగుతూనే ఉంది. తలుపు నెట్టుకుని ఒక రైతు తన భార్యను భుజం మీద వేసుకొచ్చి, నా ముందున్న బల్ల మీద కూర్చోబెట్టాడు. పక్క చేనులో శెనక్కాయ పీకుతుంటే ఆమెను పాము కరిచింది. పాదం అప్పటికే వాచి ఉంది, మోకాలి కింద తలగుడ్డ బిగించి కట్టి ఉంది. ఆమె నా మొహం వంక చూడలేదు. కోటు చూసింది, సూది చూసింది, రవిక చెయ్యి పైకి మడిచి నా ముందుకు చాపింది.

అందులో ఏముందని అడగలేదు. నువ్వెవరని అడగలేదు. ఆ వాచిన కాలు కంటే ఆ చాపిన చెయ్యి నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇన్ని రోజులుగా మేము తీస్తున్న సినిమాలో పేదవాళ్ళను లొంగదీయడానికి తాళ్ళు, గొలుసులు, గూండాలు కావలసివచ్చారు. అవేవీ అక్కరలేదని, ఒక కోటు చాలునని ఆ క్షణాన తెలిసింది.

నేను డాక్టరును కాదన్నాను, ఇది సినిమా అన్నాను, కడప పెద్దాసుపత్రికి వెంటనే తీసుకుపోవాలన్నాను. ఆమె మొగుడు నా కోటు పట్టుకున్నాడు.

"ఈడ ఇంత ఆస్పత్రి పెట్టుకోని కడపకు పొమ్మంటావా సామీ? డాక్టరు కాకపోతే ఆ సూదేంది, ఆ కోటేంది?"

"అది నీళ్ళప్పా, చక్కెర నీళ్ళు!"

"బీదోళ్ళమని ఎగతాళి చేస్తాండావా? సూది ఏయి సామీ, నీ కాళ్ళు మొక్కుతా. నా పెండ్లాం సచ్చిపోతాండాది."

రాళ్ళ పనివాళ్ళు, మా దర్జీ మామ అందరూ చెప్పి చూశారు. ఒళ్ళంతా తెల్లపొడి పూసుకున్న దయ్యాలు చెబితే ఎవరు నమ్ముతారు? అతను కదలడు, ఆమె చెయ్యి దించదు, కనురెప్పలు మాత్రం బరువుగా వాలుతున్నాయి. నిజం చెప్పి లాభం లేదని తేలిపోయాక, నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యను బయటికి తీశాను. నడుము నిటారుగా చేసి, కళ్ళు పెద్దవి చేసి, ఆ సినిమాలో రోగుల మీద అరిచే గొంతుతోనే అరిచాను.

"నేను డాక్టర్ను! నేను చెప్పినట్టు ఇనకపోతే నీ పెండ్లాం నీకు దక్కదు! ఎత్తు, వ్యాన్లో ఎయ్యి!"

అతను వెంటనే ఎత్తుకున్నాడు. నా జీవితంలో నా నటనను ఒక్క మాట కూడా అనకుండా ఒప్పుకున్న ప్రేక్షకుడు అతనొక్కడే. మాకున్న ఒకే వ్యానులోంచి సినిమా సామాన్లు దింపించి మా బావ నాతో అన్నాడు.

"పో బామ్మర్దీ, బిన్నా పో. ఈ పొద్దుకు దయ్యాలకు సెలవు."

కడపలో ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాళ్ళు నా కోటుకు సలాం కొట్టి, జనాన్ని పక్కకు జరిపి మమ్మల్ని లోపలికి పంపించారు. అసలు డాక్టరు ఆమెకు సూది వేస్తూనే, నా కళ్ళ కింద మసి చూసి, రాత్రి డ్యూటీ చేసినట్టున్నారే అని జాలిపడ్డాడు. అవునన్నాను. మా అర్ధరాత్రులు ఎప్పుడు వస్తాయో ఆయనకు చెప్పే సమయం కాదది. ఆమె బతికింది. కొన్నాళ్ళకు కుంటుకుంటూనైనా మళ్ళీ చేనుకు పోయింది.

ఆ రోజు కెమెరా ఆపమని చెప్పడం మా బావ మరిచిపోయాడో, కావాలనే చెప్పలేదో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ బొమ్మ మాత్రం ఉంది. వాడుకోవచ్చునా అని వాళ్ళ ఇంటికి పోయి అడిగితే, మొగుడు సంతోషంగా ఒప్పుకున్నాడు, ఆమె మాత్రం చీర చినిగినట్టు కనిపించలేదు గదా అని ఒక్కమాట అడిగింది. మా బావ ఆమె చెయ్యి చాపడం చూపించి, వెంటనే నా సూది ఎవరో మరొకరి చేతిలోకి దిగడం చూపించి, రెండూ అతికించాడు. కథ ప్రకారం ఆమె చచ్చి దయ్యమవుతుంది. ఆ దయ్యం వేషం చీర కట్టుకుని మా దర్జీ మామ వేశాడు.

సినిమా ఎర్రగుంట్లలో ఆడిన కొద్ది రోజుల్లోనే దంపతులిద్దరూ చూడడానికి వచ్చారు. బయటికి వచ్చాక ఆమె నన్ను పట్టుకుంది.

"ఏమప్పా డాక్టరూ, నా దయ్యం నాకంటే లావుగా ఉండాదే!"

నేను నవ్వి, ఇప్పుడైనా తెలిసింది గదమ్మా, నేను డాక్టర్ను కాదని, నీకు సూది వేసింది కడపలో అన్నాను.

"యాల అబద్ధం చెప్తాండావు? నువ్వు ఏసిన సూది నా కండ్లారా ఇప్పుడే చూసినా గదా. కడపలో ఏమి చేసినారో నాకు తెలివే లేదు. ఈ పానం నువ్వు పోసిందే."

ఆ తరువాత నేను ఎప్పుడు ఎదురుపడినా ఆమె అదే మాట అనేది, నేను కాదనడం మానేశాను. మా బావ ఇప్పుడు లేడు, మామా లేడు. క్లినిక్కుకు వచ్చేవాళ్ళు చీటీలో ఉన్న మందు పేరును ఫోనులో వెతికి చూసి గాని మింగడం లేదు, డాక్టరు గోడ మీద పట్టా చూసి గాని కూర్చోవడం లేదు. నేనూ అంతే. ఇది మంచి మార్పేనని నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు నా బదులు ఆ కోటులో ఎవరైనా ఉండవచ్చు, ఆ సిరంజిలో ఏదైనా ఉండవచ్చు. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది, మనిషి మనిషిని చూసి అంత నిశ్చింతగా చెయ్యి చాపే రోజులు ఎంత ప్రమాదకరమైనవో, అవి పోయాక ఇంత వెలితిగా ఎందుకుంటుందో. చేతకాని నన్ను ఎవరైనా అంతగా నమ్మింది ఆ ఒక్కసారే.