మామ కారుకు దూప

ఆ రోజుల్లో మా గల్లీలో కారున్న ఇల్లు మాదొక్కటే, ఆ కారు నీళ్లు తాగేది. మీరు నవ్వినా సరే, ఉన్నమాట చెబుతున్నాను. ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. కాని ఇరవై ఏళ్ల వయసులో, పెళ్లయి ఏడాది తిరగకముందు, చలికాలం పొద్దున బానెట్ లేపి ఒంటరిగా నిలబడ్డప్పుడు నవ్వు ఎక్కడినుంచి వస్తుంది?

అది మా మేనమామ కారు. అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచింది ఆయనే. మెదక్ నుంచి హవేలిఘనపూర్, అల్లాదుర్గ్ పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. ఇంట్లోకన్నా ఆ డ్రైవర్ సీట్లోనే ఎక్కువ బతికాడు, చివరికి అందులోనే పోయాడు. చేగుంట దారిలో ఒక చాయ్ హోటల్ ముందు బండి ఆపి నీళ్లు అడిగాడట. హోటలాయన నీళ్లు తెచ్చేసరికి స్టీరింగ్ మీద తల వాల్చేసి ఉన్నాడు. గొంతులో చుక్క పడకుండా పోయాడని అందరం గుండెలు బాదుకున్నాం. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు మటన్ కూర, చాయ్ (రోజుకు పది తాగేవాడు) ముందు పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నా ఒక్క కాకి ముట్టలేదు. కాకి ముట్టలేదంటే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయిందని మా వైపు నమ్మకం. అదేమిటో ఎవరూ పైకి అనలేదు, అనవలసిన పనీ లేదు.

మామకు పిల్లలు లేరు. ఆయన భార్య కారు తాళంచెవి నా చేతిలో పెట్టి, "బయటోళ్లకిస్తే తునకలు చేస్తరు బిడ్డా, నువ్వు ఉంచుకో" అంది. మా ఆయన రైస్ మిల్లు పని మానేసి డ్రైవర్ అయ్యాడు. క్రిస్మస్ దగ్గరపడుతోంది, చర్చికి వచ్చేపోయేవాళ్ల కిరాయిలు బాగా దొరికే రోజులు.

వారం తిరగలేదు, మొదలైంది. సాయంత్రం రేడియేటర్‌లో అంచుదాకా పోసిన నీళ్లు పొద్దునకు సగం ఉండేవి కావు. వంగి చూస్తే కింద నేల పొడి. చేత్తో తడిమినా తడి తగలదు. బండి స్టార్ట్ చేస్తే వెనుక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చేది. అది మామూలు పొగలా చెదిరిపోదు, గల్లీ మధ్యలో మనిషెత్తున కాసేపు నిలబడి మాయమయ్యేది. మూత తీసి ఇంజన్ నడిపితే లోపల గుడగుడమని, ఎవరో ఆత్రంగా నీళ్లు మింగుతున్న చప్పుడు. పక్కనున్న రబ్బరు పైపు మెడ మీద నరంలా ఉబ్బి, పట్టుకుంటే గట్టిగా ఉండేది. నేను రోజూ చెంబుతో నీళ్లు పోస్తూ, ఎవరూ వినకుండా "తాగు మామా" అనేదాన్ని. మెకానిక్‌కు చూపిద్దామంటే మా ఆయన వద్దన్నాడు. మనిషి పోయిన బండి నీళ్లు తాగుతోందని ఊళ్లో తెలిస్తే కిరాయికి ఎవరు ఎక్కుతారని ఆయన భయం.

ఒకరోజు ఆయన ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాడు. నల్లగా ఉండాల్సిన ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో, పైన నురగతో వచ్చింది. మా అత్త (మా ఆయన తల్లి, చాయ్ చుక్క పారబోస్తే ప్రాణం విలవిల్లాడే మనిషి) దాన్ని దగ్గరగా చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్లొక్కటే అనుకున్న. మీ మామ చాయ్ గూడ తాగుతుండు."

నవ్వొచ్చే మాటే. ముగ్గురిలో ఒక్కరమూ నవ్వలేదు. ఆదివారం అమావాస్య. ఆలోపు బండిని పాత ఇనుము కొనే కబాడీ వాడికి ఇచ్చెయ్యాలని అత్త తేల్చేసింది. ఆమెది చెడ్డ మనసు కాదు. ఒక్కగానొక్క కొడుకు రోజూ పోయి ఆ సీట్లో కూర్చుంటుంటే ఏ తల్లికి ముద్ద దిగుతుంది? మా ఆయన గురువారం ఒక కిరాయి ముగించి వచ్చి, బండి ఇంటి ముందు ఆపి, మిల్లులో పాత పని మళ్లీ దొరుకుతుందేమో కనుక్కోవడానికి సైకిల్ మీద పోయాడు. నాకు మాత్రం మామ రెండోసారి పోతున్నట్టు అనిపించింది. ఈసారి ముక్కలు ముక్కలుగా.

అత్త లోపల నడుం వాల్చింది. పట్టపగలు, గల్లీలో ఒక్క మనిషి లేడు. విస్తరిలో అన్నం, మటన్ కూర పెట్టి, చెంబుతో నీళ్లు, గ్లాసు నిండా చాయ్ తెచ్చి బానెట్ మీద ఉంచి, ఆ గోడా ఈ గోడా చూసి, "కడుపు నిండ తిని తాగి పో మామా, నీ బండిని మాత్రం కొంచపోకు" అని దండం పెట్టి తలుపు వెనుక నిలబడ్డాను. ఎంతోసేపు పట్టలేదు, కాకి వచ్చింది. మూడో రోజున రాని కాకి. బానెట్ మీద వాలి, తల పక్కకు వంచి నావైపు చూసింది. అప్పుడు వినిపించింది ఆ గుడగుడ. బండి బంద్ చేసి ఉంది, తాళంచెవి నా కొంగు ముడిలో ఉంది, లోపలి గొంతు మాత్రం మింగుతూనే ఉంది. తర్వాత బుస్సుమని బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచి విస్తరిని, చెంబును, కాకిని కప్పేసింది. కాకి ముక్క నోట కరుచుకుని లేచిపోయింది. నేను చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తాను.

ఇంట్లోకి కాదు, మెకానిక్ పానా చాచా షెడ్డుకు. (జేబులో ఎప్పుడూ బోల్టులు విప్పే పానా ఒకటి ఉండేది, అందుకే ఆ పేరు.) మామకు జిగ్రీ దోస్తు. ఏడుస్తూ అంతా చెబితే ఆయన నవ్వలేదు. వచ్చి, బానెట్ లేపి, చల్లారనిచ్చి, నీళ్లు పోయించి, స్టార్ట్ చేసి, పొగకు అరచెయ్యి అడ్డం పెట్టి ఆ తడి చూపించాడు.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది బేటీ."

ఇంజన్ పైముక్కకూ కిందిముక్కకూ మధ్య పల్చటి రేకులాంటిది ఉంటుందట. నిప్పు, నీళ్లు, ఆయిల్ ఒకదాని దారిలోకి ఒకటి పోకుండా కాపలా కాస్తుందట. అది కాలిపోతే నీళ్లు నిప్పులో పడి పొగవుతాయి, ఆయిల్‌లో కలిసి చాయ్ అవుతాయి, నిప్పుగాలి నీళ్లలోకి దూరి గుడగుడమంటుంది, కాగిన బండిని ఆపినా కాసేపు మరుగుతూనే ఉంటుంది. అంతా విని, మరి మామ నీళ్లు అడిగి పోయాడు కదా అన్నాను. చాచా చేతులు తుడుచుకున్నాడు.

"గా దినం బండి తెచ్చింది నేనే. బానెట్ లేపి ఉండె, మూత తీసి ఉండె. గ్యాస్కెట్ పోయింది, బండి నిలపమని రెండుపార్లు చెప్పిన. పెండ్లిల్ల సీజన్ అయిపోనీ అన్నడు. చావింట్ల గీ ముచ్చట చెప్పబుద్ధి కాలే. ఆయన అడిగిన నీళ్లు దీనికి, బేటీ. మీ మామ దూపతోటి పోలే. దూప దీనిది."

అన్ని రోజుల్లో అప్పుడు ఏడ్చిందే అసలు ఏడుపు. ఆ బండి ధరకు ఆ పని ఖర్చు ఎక్కువేనని చాచా దాచకుండా చెప్పాడు. సామాను మేం తెచ్చుకుంటే చేతులు తనవేనని, గీకి కడగడానికి మాత్రం మనిషి కావాలని అన్నాడు. ఆ మనిషిని నేనే. బీడీ ఆకు కత్తిరించే చేతులతో మూడు రోజులు కాలిన మడ్డి గీకాను. బోల్టుల వరస తప్పొద్దని చాచా అంటే, దూప బండిదని తెలిసి భయం తీరిన అత్త పోపుల డబ్బా ఖాళీ చేసి ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేసి, గిన్నెలు చాలక మిగతావాటిని చాయ్ గ్లాసుల్లో పెట్టింది. తీసిన గ్యాస్కెట్‌లో కాలిన చోటు గోరంత. అత్త దాన్ని వెలుగుకు పెట్టి ఆ సందులోంచి నన్ను చూసింది. ఆదివారం కబాడీ వాడు వస్తే ఆ రేకే చేతిలో పెట్టి, "గిది తీస్కపో, ఇంకేం లేదు" అని పంపించేసింది.

సోమవారం పొద్దున మూత తీశాను. నీళ్లు అంచుదాకా, నా ముఖం కనిపించేంత కదలకుండా ఉన్నాయి. సంతోషించాలి కదా. చెంబు పట్టుకుని నిలబడితే, ఇక నీళ్లు పొయ్యడానికి నాకెవరూ లేరనిపించింది.

తర్వాత ఆ కారు మాకు నాలుగేళ్లు అన్నం పెట్టింది. ఇప్పుడున్న బండి నీళ్లు అడగదు, నేనూ "తాగు మామా" అనను. ఒక్కటే చెప్పలేదు మీకు. ఆ గురువారం చాచాతో తిరిగొచ్చేసరికి చెంబు నిండుగానే ఉంది, చాయ్ గ్లాసు మాత్రం నిలబెట్టినట్టే నిలబడి ఖాళీగా ఉంది. మేక తాగి ఉంటుందని మా ఆయన అన్నాడు. మేకైతే గ్లాసు పడగొట్టదా? అత్త తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమె బతికున్నన్నాళ్లూ ఆ మాట అడగలేదు నేను. అడిగితే, "చల్లారిపోతదని నేనే తాగిన" అంటుందేమోనని భయం.