షెడ్డులో కారు, ముంగిట్లో కాంక్రీటు

ఎర్రపెన్ను గారు ముప్పై ఆరేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. మందు సీసాల చీటీల దగ్గర్నుంచి లావుపాటి పాఠ్యపుస్తకాల దాకా ఆయన కళ్ళు పడకుండా ఏ కాగితమూ ఆ ప్రెస్సు గడప దాటలేదు. రిటైరైన రోజున తోటివాళ్ళు ఒక గోడ గడియారం చేతిలో పెడితే, దాని మీద వేయించిన తేదీ తప్పని సభలోనే తిరిగిచ్చేశారు. ఎర్రపెన్ను అన్న పేరు వీధివాళ్ళు పెట్టింది. మనిషి చెడ్డవాడని కాదు. ఎదుటివాడి తప్పు కనిపిస్తే ఆయన నోరు ఊరుకోదు, అంతే.

ఆ నోటికి అందరికంటే ఎక్కువగా దొరికింది ఆయన భార్య. పెళ్ళయిన ముప్పై ఏడేళ్ళలో ఆవిడ గొళ్ళెం పెట్టిన తీరు తప్పు, దుప్పటి మడతపెట్టిన తీరు తప్పు, తుమ్మిన వేళ కూడా తప్పే. అలాంటి ఆవిడ యాభై ఎనిమిదో ఏట, ఎవర్నీ బతిమాలకుండా చెల్లెలి ఇంటికి వెళ్ళి రావాలని కారు నేర్చుకుంది. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఎర్రపెన్ను గారు టెస్టు మైదానం కంచె పట్టుకుని "అద్దం చూడు! అద్దం!" అని అరుస్తూనే ఉన్నారు. ఆవిడ అద్దంలో చూస్తే ఆయనే కనిపించేవారు. ఇప్పుడు మూడో తేదీ వచ్చింది. అది కూడా పోతే లెర్నింగ్ లైసెన్సు గడువు తీరిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి.

"మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదండీ. ఇదే ఆఖరు," అంది ఆవిడ.

సరిగ్గా అప్పుడే ఎర్రపెన్ను గారి కళ్ళు ముంగిలి మీద పడ్డాయి. గేటు నుంచి షెడ్డు దాకా పాతికడుగుల మట్టిదారి. వాన పడితే కారు చక్రాలు కూరుకుపోతాయి. దానికి కాంక్రీటు వేయించాలనుకున్నారు. ఇక చూసుకోండి! జానెడు లోతు తవ్వించి, కంకర పోయించి, దిమ్మిస కొట్టించి, అంచులకు చెక్కలు బిగించిన చోటల్లా తాడు పట్టి చూశారు. ఇనుప జాలీ రెండుసార్లు విప్పించి మళ్ళీ కట్టించారు. వాలు సరిపోయిందో లేదో చూడటానికి ఒక గోళీని గేటు వైపు దొర్లించారు. కాంక్రీటు పోస్తున్నంతసేపూ గొడుగు వేసుకుని మేస్త్రి నెత్తిన నిలబడ్డారు. టైర్లు జారకుండా మేస్త్రి చీపురుతో గీతలు లాగితే, మూడో గీత వంకరని మళ్ళీ లాగించారు.

మేస్త్రి ఆఖరి గీత లాగి, నడుం పట్టుకుని లేచాడు.

"సారూ, ఒక మాట అడుగుతా. కోప్పడరు కదా?"

"అడుగు."

"కారు లోపలే ఉంచేశారేంటి?"

ఎర్రపెన్ను గారు షెడ్డు వైపు తిరిగారు. తడి కాంక్రీటు అవతల కారు తన రెండు వెనక దీపాలతో ఆయన్నే చూస్తోంది. వాలు చూశారు, జాలీ చూశారు, గోళీ దొర్లించారు గానీ కారు సంగతి ఆయనకు తట్టనేలేదు. అయినా ఆయన తడుముకోలేదు.

"కావాలనే ఉంచాను. బయట ఎండకి రంగు పోతుంది."

"సరే సార్. అయితే పది రోజులు బండి కదపకండి. ఆ తర్వాత మీ ఇష్టం."

తన తప్పు కళ్ళెదుట ఉన్నప్పుడు ఎవరో ఒకరి తప్పు పట్టుకోకపోతే ఆయనకు ఊపిరాడదు. ఇంట్లోకి వెళ్ళి, సిమెంటు కంపెనీవాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకం తెచ్చి, ఎదురింటి దర్జీతో సహా అందరూ వినేలా చదివారు. "పూర్తి బలం రావడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. విన్నావా? పది కాదు, ఇరవై ఎనిమిది!"

"చదువుకున్నోళ్ళు, మీకు నేను చెప్పేదేముంది సార్," అని మేస్త్రి తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు.

వరండాలో ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. "ఏవండీ, నా టెస్టు పదకొండో రోజు. నా చెయ్యి అలవాటైంది ఈ కారుకే."

"నీ టెస్టు సంగతి కాంక్రీటుకి తెలుసా?" అన్నారాయన. అన్న మరుక్షణం తనకే కటువుగా తోచింది. కానీ వెనక్కి తీసుకోవడం ఆయనకు అలవాటు లేని పని.

మర్నాడు మేస్త్రి వచ్చి మట్టితో చిన్న చిన్న గట్లు కట్టి, నీళ్ళు నిలిపి వెళ్ళాడు. అవి ఇంకిపోకుండా ఎర్రపెన్ను గారు పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని నింపేవారు. అప్పటికే ఒక పిల్లి దారికి అడ్డంగా నడిచి ఏడు అడుగులు వేసి పోయింది. ఎనిమిదో అడుగు ఏమైందని ఆయన రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నారు.

ఆవిడ మాత్రం సాధన మానలేదు. రోజూ పక్క సందులోంచి షెడ్డులోకి వెళ్ళి, కదలని కారులో కూర్చుని గేర్లు మార్చేది, స్టీరింగు తిప్పేది. ఎర్రపెన్ను గారు గట్టు అవతల స్టూలు వేసుకుని కూర్చునేవారు.

"ఇప్పుడు ఎడమకి తిరిగావు, ఇండికేటర్ ఏది?"

"నేనింకా తిన్నగానే పోతున్నానండీ."

"మరి అంత స్పీడెందుకు?"

దర్జీ కుట్టుమిషను ఆపి మరీ చూసేవాడు. ఒకరోజు ఆవిడ బ్రేకు ఆలస్యంగా వేసిందని ఆయన స్టూలు మీంచి లేచి పక్కకు దూకారు కూడా.

తొమ్మిదో రోజు, కాంక్రీటు మధ్యలో వదిలిన సందులు దేనితో పూడ్చాలో చూద్దామని ఎర్రపెన్ను గారు మళ్ళీ ఆ పుస్తకం తీశారు. పేజీ తిప్పారు. తిప్పిన పేజీ మొదటి లైనులోనే ఉంది, చిన్న కార్లను పది రోజుల తర్వాత నడపవచ్చని.

పేజీ తిప్పకుండా తప్పు పట్టకండని కొత్తగా చేరినవాళ్ళకు ముప్పై ఆరేళ్ళు చెప్పింది ఆయనే. పుస్తకాన్ని పరుపు కింద దోపేశారు. చెప్పాలంటే సిగ్గు. సిగ్గు కంటే భయం ఎక్కువ. ఇక్కడ తను తప్పైతే, ఆ గొళ్ళెం దగ్గర, ఆ దుప్పటి దగ్గర ఎన్నిసార్లు తప్పయ్యారో ఎవరు చెప్పగలరు? రెండు రోజులు అన్నం సయించలేదు. అయినా నోరు పెగల్లేదు.

పదకొండో రోజు పొద్దున ఆవిడ మంచి చీర కట్టుకుని, కాగితాల సంచీ భుజాన వేసుకుని షెడ్డులోకి వెళ్ళి కారులో కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నారాయన.

"ఎక్కడికీ లేదు. టెస్టుకి పిలిచే వేళకి సీట్లో ఉందామని. నా తృప్తి కోసం."

చేతులు స్టీరింగు మీద పెట్టుకుని ఆవిడ ఎదురుగోడను చూస్తోంది. అది చూసి ఎర్రపెన్ను గారు గిరుక్కున వెనక్కి తిరిగారు. లోపలికి పరిగెత్తి, పరుపు ఎత్తి, పుస్తకం తెచ్చి కారు కిటికీలోంచి చాపారు.

"పది రోజులే. మేస్త్రి చెప్పిందే కరెక్టు. నేనే పేజీ తిప్పలేదు. తప్పు నాది."

ఆవిడ పుస్తకం వైపు చూడలేదు, ఆయన వైపు చూసింది. "ఎప్పుడు తెలిసింది?"

"మొన్న."

ఆవిడ పుస్తకం అందుకుని, తెరవకుండానే పక్క సీట్లో పడేసింది. "గట్లు తీయండి," అంది.

ఎర్రపెన్ను గారు ఇస్త్రీ బట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చుని, పార దొరక్కపోతే చేతులతోనే గట్లు తెంపారు. నీళ్ళన్నీ గేటు దాటి దర్జీ గుమ్మంలోకి పోయాయి. దర్జీ చెప్పులు తీసి పైన పెట్టుకున్నాడు. కారు వెనక్కి మెల్లగా వచ్చింది. వీధిలో ఆగగానే ఆయన అటు తిరిగి పక్క సీటు తలుపు లాగారు. తాళం పడి ఉంది.

"మీరు రావద్దండీ."

"మరి నీకెవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు," అని గేరు వేసింది.

ఎర్రపెన్ను గారు పాతికడుగులూ కళ్ళద్దాలు పెట్టుకుని వెతికారు. ఎక్కడా బీట లేదు. చిన్నదైనా దొరికితే బాగుండునని లోలోపల అనిపించి, తన మీద తనకే రోత పుట్టింది. గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆవిడ లేకుండా ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నానికి కారు మలుపు తిరిగింది. "పాసయ్యాను!" అని ఆవిడ కిటికీలోంచే కేకేసింది. ఆయన చేతులు వాటంతట అవే లేచాయి, ఎడమకి, కుడికి అని చూపించడానికి. ఆయన వాటిని వెనక్కి కట్టుకున్నారు.

కారు పిల్లి అడుగుల మీంచి పోయి షెడ్డులో దూరింది. దూరడమైతే దూరింది గానీ బాగా వంకరగా. ముందు బంపరు గోడకు ఆనింది, వెనక భాగం అడుగున్నర బయటే ఉంది. డ్రైవరు వైపు తలుపు తెరుచుకోక, ఆవిడ అవతలి సీటు మీదుగా పాక్కుంటూ దిగింది. చీర సర్దుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఎలా పెట్టాను?"

ఎర్రపెన్ను గారు కారును చూశారు, గోడను చూశారు, ఆవిడను చూశారు.

"బాగుంది," అన్నారు.

'కానీ' అన్న తర్వాతి మాట కోసం ఆవిడ అక్కడే నిలబడింది. ఆయన పైపు తీసుకుని కాంక్రీటుకు నీళ్ళు పడుతూ ఉండిపోయారు.