ముక్కముక్కకూ ఒక ప్రశ్న

చదవకుండా దేనికీ ఒప్పుకోరాదని కళాశాల చర్చాపోటీల్లో గట్టిగా వాదించినదాన్ని నేను. కరీంనగర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో చేరిన కొత్తలో, కోడ్‌లోని మార్పులను ముక్కముక్కగా చూపి 'ఇది చేర్చాలా?' అని అడిగే సదుపాయాన్ని పరీక్షించే పని నాకిచ్చారు. పొద్దుటి నుంచి జవాబులిచ్చి అలసిపోయి, చివరికి మిగిలినవన్నీ చదవకుండానే చేర్చమని చెప్పి, ఆఫీసులో అందరూ చూసే ఉమ్మడి కోడ్‌లోకి పంపేశాను. వాటిలో విసుగుతో నేను కోడ్ మధ్యలో రాసుకున్న వాక్యమూ వెళ్లింది: 'ఈ ప్రోగ్రాం రాసినవారికి బుర్ర లేదు.' ఆ ప్రోగ్రాం రాసింది మా సీనియర్ సలీం భాయ్. నా ఉద్యోగం ఖాయం చేయవలసిందీ ఆయనే.

సాయంత్రం ఆయన అందరి ముందూ తన కంప్యూటర్ తెరను నా వైపు తిప్పారు.

"గిది నా గురించేనా చెల్లే?"

"అవును భాయ్."

"నా బుర్ర సంగతి తర్వాత సూద్దాం. గది ముక్కముక్కకు నిన్నే అడుగుతుంటే, జర సదువరాదు?"

ఉద్యోగం నిలిచింది. కానీ చదవకుండా సంతకం చేసినవారిని నిలదీయబోయిన ప్రతిసారీ, ఇప్పుడు ముందు నా 'బుర్ర లేదు' వాక్యమే గుర్తుకొస్తుంది.