పచ్చదీపం కోసం

బేకరీ వ్యాన్ల డిపోలో కుర్రాళ్ళంతా ఆయన్ని బ్రేకు బాబాయి అంటారు. ముప్ఫై ఏళ్ళు వ్యాను నడిపి, ఇప్పుడు కొత్తవాళ్ళకి నేర్పుతున్నాడు. మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. బ్రేకు నొక్కడానికి నామోషీ పడేవాడు ఇంట్లో కూర్చోవాలని మొదటిరోజే మొహం మీద చెప్పేస్తాడు.

అలాంటివాడి కూతురు ఆర్నెల్ల కిందట అక్కడే డ్రైవరుగా చేరింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, పని ఇట్టే పట్టేసింది. తండ్రికి లోపల బోలెడు గర్వం, పైకి మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

తంటా అంతా ఆ మాయదారి పెట్టెతో వచ్చింది. ప్రతి వ్యానులోనూ అద్దం కింద అంటించారు. గట్టిగా బ్రేకు వేస్తే కీచుమని అరుస్తుంది. రోజంతా అరవకపోతే సాయంత్రం పచ్చదీపం వెలిగి ఒక స్టార్ ఇస్తుంది. ఒక్కసారి అరిచిందంటే పోగేసిన స్టార్లన్నీ పోయి మళ్ళీ సున్నా. ఎక్కువ స్టార్లున్నవాళ్ళ ఫొటో ఆఫీసు గోడకెక్కుతుంది. మెత్తగా నడిపేవాళ్ళకి మెప్పు దక్కాలని మేనేజరు ఆలోచన. పాత డ్రైవర్లు దాన్ని పట్టించుకోలేదు, కుర్రకారుకి మాత్రం పిచ్చి పట్టుకుంది. తొంభై మూడు స్టార్లతో అందరికంటే పైన ఉన్న ఫొటో ఈ పిల్లదే.

ఒక ఉదయం నేర్పే పని లేక ఆయన కూతురి వ్యానెక్కాడు. మొదటి కూడలిలో సిగ్నల్ పసుపుకి మారింది. ఆగడానికి కావలసినంత చోటుంది. పిల్ల ఆగకపోగా యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కింది. పక్కన ఆయన కాలు లేని బ్రేకుని నొక్కింది. ఆసుపత్రి మలుపులో ఒక ముసలాయన కర్ర పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. పిల్ల కాలు బ్రేకు మీదికి వెళ్ళనే లేదు. స్టీరింగు ఒక్కసారిగా తిప్పి, ఆ మనిషి చొక్కాని తాకీతాకకుండా దాటేసింది. ముసలాయన చేతిలో కర్ర జారి రోడ్డు మీద పడింది. పిల్ల పెట్టెవంక చూసి, అది అరవలేదని ఊపిరి పీల్చుకుంది.

బండి పక్కకి ఆపించి, బ్రేకు ఎందుకు వెయ్యలేదని అడిగాడు.

"తగల్లేదుగా నాన్నా. వేసుంటే అన్నీ పోయేవి."

ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యెత్తబోయి ఆపుకున్నాడు. డిపోకి రాగానే తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి నిప్పులు కక్కాడు. ఆ పెద్దమనిషి ఒక కాగితం తిప్పి చూపించాడు. గట్టి బ్రేకులు సగానికి సగం తగ్గాయట. పైగా, అందరికంటే పైనున్నది మీ అమ్మాయే కదా, మీరే ఇలా అంటే ఎలా అని నవ్వాడు.

"ఒక ప్రాణం పోయాక తెలుస్తుంది సార్, ఏం తగ్గిందో."

బయటికొచ్చి, కూతురి చేతిలోంచి తాళాలు లాక్కుని వ్యానెక్కాడు. ఖాళీ ఆవరణలో వేగం పెంచి ఒక్కసారిగా బ్రేకు వేశాడు. పెట్టె కీచుమంది. ఒకసారి చాలు, అయినా కసి తీరక నాలుగుసార్లు తొక్కాడు. తొంభై మూడు కాస్తా సున్నా అయింది. ఆఫీసు గుమ్మంలో నిలబడి పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ముసలాయన కోసం ఒక్క చుక్క రాలేదే అని ఆయనకి ఇంకా మండింది.

రెండో ట్రిప్పుకి కూడా పక్కన కూర్చున్నాడు. మార్కెట్ సందులోంచి ఒకావిడ తోపుడుబండితో అడ్డంగా వచ్చేసింది. పిల్ల బలంగా బ్రేకు తొక్కింది. వెనక రొట్టెల ట్రేలు దబదబా పడ్డాయి, పెట్టె అరిచింది, ఆవిడ వాళ్ళ వంకైనా చూడకుండా వెళ్ళిపోయింది.

"ఇంక పోయేదేముంది, అందుకే వేశాను," అంది పిల్ల ముభావంగా.

"అదే పొద్దునైతే వేసేదానివా?"

పిల్ల బండి పక్కకి తీసి ఆపింది.

"తెలీదు నాన్నా."

ఆయన పెట్టెని అద్దం దగ్గర్నుంచి పీకి రోడ్డుకేసి కొట్టాడు.

"నీ ఉద్యోగం పోతుంది నాన్నా," అంది పిల్ల భయంగా.

"పోతే పోయింది. బండి నడుపు."