ఆరు వందల గ్రాముల కర్ర

వరంగల్ చౌరస్తా దగ్గర మాది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. బిందె కొనడానికి వచ్చినవాళ్లు ముందు దాన్ని చేతిలోకి తీసుకుని ఊపి చూస్తారు, ఆ తరువాతే నచ్చిందో లేదో చెప్తారు. పాతికేళ్లు గల్లా పక్కన కూర్చునేసరికి నాకూ అదే బుద్ధి అంటుకుంది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురి మెడలో హారాన్ని కళ్లతోనే తూస్తాను. తేలికగా ఉన్న వస్తువు ఏదైనా నా దృష్టిలో నాసిరకమే. ఇలాంటి మనిషి ఆటకోసం కర్ర చేయించుకుంటే ఏమవుతుందో ఎవరైనా చెప్పగలరు. నాకు మాత్రం ముందు తోచలేదు.

ఆ ఆట పూల్. ఆకుపచ్చ బట్ట పరిచిన బల్లమీద తెల్లబంతిని పొడవాటి కర్రతో పొడిచి, దానితో రంగు బంతులను మూలల్లో ఉన్న సంచుల్లో పడేయాలి. హనుమకొండలో మా ఆయనకు సభ్యత్వమున్న క్లబ్బులో ఒక ఆదివారం ఊరికే సరదాకి కర్ర పట్టుకున్నాను. అప్పటికి నాకు నలభై రెండేళ్లు. మొదటి బంతి సంచిలో పడిన చప్పుడు వినగానే, అయ్యో, ఇన్నాళ్లూ దీన్ని వదిలేసి ఏం చేశాను అనిపించింది.

చిక్కల్లా వేళల దగ్గర వచ్చింది. ఆడవాళ్లు ఆడుకోవాలంటే పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట వరకే. మా దుకాణంలో బేరాలు జోరు మీదుండే సమయం అది. సాయంత్రం వేళలన్నీ మగవాళ్లవి. గోడమీద తెల్లబోర్డు ఉంటుంది, ఏ రోజు ఏ గంటకు టేబుల్ ఎవరిదో దాని మీద పేర్లతో రాసి ఉంటుంది. రాసే మనిషి క్లబ్బు ఆటల కార్యదర్శి. ఆయన మరెవరో కాదు, మా ఆయనకు స్వయానా అన్న, నాకు బావగారు.

నాలుగేళ్లు అలాగే నెట్టుకొచ్చి, ధైర్యం చేసి ఒకరోజు బావగారినే అడిగాను. వారానికి రెండు రోజులు సాయంత్రం టేబుల్ ఇప్పించమన్నాను.

"ఆడేటోళ్లకే టైం సరిపోతలేదమ్మా," అన్నారు ఆయన. "ఒక పని చెయ్యి. వచ్చే నెల టోర్నమెంటుల దిగు. మాలో ఎవరినన్న ఒక్కర్ని ఓడగొట్టు. మంగళవారం, శుక్రవారం ఏడు గంటల టేబులు నీ పేరున నేనే రాస్త."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. నేను అక్కడే పేరిచ్చేశాను.

నా ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. క్లబ్బు కర్రలు యాభై ఎనిమిది అంగుళాలవి. నేను వంగి గురిపెడితే కర్ర తోక వెనకాల గోడకు తగిలేది, ఒకసారి ఒక పెద్దమనిషి పొట్టకు తగిలింది కూడా. అందుకని నా కొలతకు ఒకటి చేయించుకుందామని, బెజవాడ వైపు కర్రలు చేసే ఒకాయన నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నా చేతుల పొడవు కొలిపించి, యాభై రెండు అంగుళాలు చాలన్నాడు. తరువాత బరువు అడిగాడు.

"ఇంత పొట్టిదానికి ఐదొందల ఇరవై గ్రాములు సరిపోద్దండి. మించితే వెనక్కి లాగేస్తదండి."

నాకు వినిపించింది ఒక్కటే, ఇతను సరుకు తగ్గించి పంపబోతున్నాడు. పాతికేళ్లుగా ఇలాంటివాళ్లను ఎంతమందిని చూడలేదు!

"మీ దగ్గర ఎక్కువల ఎక్కువ ఎంతుంటది?" అన్నాను.

"ఆరొందలండి."

"ధర?"

"ఏ బరువైనా ఒకటేనండి."

"మరి ఆరువందలే పంపుండ్రి. ఒక్క గ్రాము తగ్గొద్దు."

సమతూకం ఎక్కడ ఉండాలని కూడా అడిగాడు. అదేదో మీరే చూసుకొండ్రి అని ఫోన్ పెట్టేశాను.

మూడు వారాలకు పార్సిల్ వచ్చింది. ముదురు రంగు చెక్క, పట్టుకునే చోట నారింజరంగు దారం చుట్టారు, అంత అందమైన వస్తువు నాకోసం ఎవరూ ఎప్పుడూ చేయలేదు. కానీ నేను ముందు చేసిన పని దాన్ని కాంటా మీద పెట్టడం. ఆరు వందల మూడు గ్రాములు. మూడు గ్రాములు మొగ్గు కూడా వేశాడని మురిసిపోయాను.

మర్నాడు క్లబ్బులో నా మురిపెం తీరిపోయింది. ఎంత జాగ్రత్తగా గురిపెట్టినా పొడిచే క్షణంలో దాని మూతి పైకి లేచేది. తెల్లబంతి నెత్తిమీద గీరుకుని పక్కకు జారేది. క్లబ్బు కర్రతో సులువుగా వేసే బంతులు కూడా పోయాయి. వారం రోజులు పదకొండు గంటలకు దుకాణం వదిలి పరుగెత్తాను, రోజురోజుకూ ఇంకా అధ్వాన్నంగా ఆడాను. బావగారు అటువైపు వచ్చి కాసేపు నిలబడి చూశారు.

"ఆడలేక మద్దెల ఓడంటరు గని, నీ మద్దెల నువ్వే చేయించుకుంటివి గదమ్మా," అన్నారు.

ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చాను. బాధకంటే కోపమే ఎక్కువ, ఆయన మీద కాదు, నా మీద. కర్ర చేసినాయనకు ఫోన్ చేస్తే, నేను ముందే చెప్పానండి, వెనక్కి పంపండి, సరిచేసి ఇవ్వడానికి నెల పడుతుందండి అన్నాడు. అంత బరువు రావడానికి తోక లోపల రెండు ఇనుప బోల్టులు దిగ్గొట్టాడట, రబ్బరు మూత తీస్తే కనిపిస్తాయట. టోర్నమెంటుకు తొమ్మిది రోజులుంది. ఆ సాయంత్రమే చీటీలు తీశారు. నా మొదటి ఆట బావగారితో పడింది. ఓడితే అక్కడితో సరి, మళ్లీ ఏడాది దాకా పదకొండు గంటల ఆటే.

దుకాణంలో బేరాలు లేనప్పుడు ఒక పద్ధతిలో సాధన చేసేదాన్ని. బల్లమీద ఇత్తడి చెంబును అడ్డంగా పడుకోబెట్టి, కర్ర మొనను దాని మూతిలోకి పోనిచ్చి వెనక్కి తీయాలి. అంచుకు తగలకూడదు. తగిలితే ఖణేల్ మంటుంది. పదిసార్లు చేస్తే పదిసార్లూ మోగింది. ఇరుగు పొరుగు దుకాణాలవాళ్లకు మేమేదో పూజ మొదలుపెట్టామని అనుమానం వచ్చింది.

ఆ మోత మధ్యలో తరాజుల తాత వచ్చాడు. డోర్నకల్ నుంచి పొద్దున బండికి వచ్చి, అంగళ్లలో తరాజులు బాగుచేసి, సాయంత్రం బండికి వెళ్లిపోయే మనిషి. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక ఆయనకు పని తగ్గింది కానీ, పాత ఇత్తడి తూయడానికి మా దుకాణంలో పెద్ద తరాజు ఇంకా వేలాడుతూనే ఉంది. ప్రభుత్వ ముద్ర వేయించే ముందు ఏటా ఆయన వచ్చి దాని ముల్లు సరిచేసి పోతాడు.

"ఏంది బిడ్డా, చెంబును పొడుస్తానవ్?" అన్నాడు.

ఉన్నదంతా చెప్పాను. ఆయన సంచిలోంచి ఆకురాయి తీసి, దాని అంచు మీద కర్రను అడ్డంగా నిలబెట్టాడు. అటు జరిపి ఇటు జరిపి, ఎటూ ఒరగకుండా నిలిచిన చోట సుద్దతో గీత గీశాడు. గీత తోకకు బాగా దగ్గరగా పడింది.

"ఇప్పుడు ఆడేతట్టు వంగు. చెయ్యి యాడ పడుతవ్?"

వంగి చూపించాను. నా పిడికిలికీ ఆ గీతకూ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది.

"చూసినవా? బరువంత నీ పిడికిట్లనే కూసున్నది. ముంగట దిక్కు ఏం లేదు. గందుకే మూతి లేపుతాంది."

"బరువు తక్కువ లేదు తాతా, ఆరు వందల మూడు గ్రాములు."

"ఎంతున్నదని ఎవరడిగిండ్రు? యాడున్నదని అడుగుతాన."

బోల్టులు తీసేయాలన్నాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. "తీస్తే తూకం తగ్గదా?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "ఈ కట్టెను నువ్వు అమ్ముతానవా, ఆడుతానవా?"

రబ్బరు మూత నేనే తీశాను.

ఒక బోల్టు తీసి చెంబు దగ్గర వంగాను. పదిసార్లలో ఆరుసార్లు మోగింది. రెండోదీ తీశాక మళ్లీ మోత పెరిగింది, కాకపోతే ఇంతకుముందు పై అంచు మోగేది, ఇప్పుడు కింది అంచు. ముందు బరువెక్కి మూతి వాలిపోతోందన్నాడు తాత. తరాజు చిప్పల హెచ్చుతగ్గులు సరిచేయడానికి తన దగ్గరుండే సీసం ముక్క ఒకటి కత్తిరించి, గుడ్డలో చుట్టి, తోకలోకి తోశాడు. నేను పొడవడం, ఆయన కళ్లు మూసుకుని వినడం, మళ్లీ ముక్క బయటికి తీసి ఆకురాయితో ఇంత గీకడం. కర్ర చేతిలో మారుతూ వచ్చింది. మధ్యాహ్నం దాకా అదే పని. మధ్యలో బిందె అడిగిన ఒకావిడను రేపు రమ్మని పంపేశాను, మా వంశంలో ఎవరూ చేయని పని అది.

ఒకసారి వంగి పొడిచాను, చప్పుడు లేదు. రెండోసారీ లేదు. ఐదు, ఆరు, ఏడు. పదోసారి కూడా కర్ర మొన చెంబులోకి వెళ్లి మెత్తగా తిరిగి వచ్చింది. చేయి ఎటు చెప్తే అటు పోతోంది, నేను దాన్ని మోస్తున్నట్టే లేదు. వెనక గోదాములోంచి మా ఆయన కంగారుగా వచ్చారు.

"ఏమైంది, సప్పుడు లేదు?"

"అదే గదా కావాల్సింది!" అని కేక పెట్టాను. ఆ సంతోషంలో తాత కాళ్లకు మొక్కాను.

అలవాటుకొద్దీ కర్రను కాంటా మీద పెట్టబోతే తాత చేయి అడ్డం పెట్టి, "తూయకు బిడ్డా," అన్నాడు. ఆ రెండు బోల్టులూ తన సంచిలో వేసుకుని మరీ వెళ్లాడు. నా సంగతి ఆయనకు తెలుసు. ఇవాళ్టికీ దాని తూకమెంతో నాకు తెలియదు.

ఆట రోజు సాయంత్రం క్లబ్బుకు వెళ్తూ మా ఆయన దారంతా నసిగారు. "ఓడితే బాగుండదు. గెలిసినా బాగుండదు. అన్నయ్య గదా, జర సూసి ఆడు."

"మీ అన్నతోని నాకు పగ లేదు. ఏడు గంటల టేబులుతోని పనున్నది," అన్నాను.

మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లది పైచేయి. చెంగు బిగించి నడుముకు దోపుకున్నాను. మొదటి ఆట బావగారు అవలీలగా గెలిచారు, నేను ప్రతి బంతినీ తొందరపడి పొడిచాను మరి. రెండో ఆటలో తొందర తగ్గింది. కర్ర తన పని తాను చేసుకుపోతుంటే నేను దానికి అడ్డం రాకుండా ఉన్నాను, అంతే. గెలిచాను. మూడో ఆటలో ఇద్దరికీ చివరి నల్లబంతి ఒక్కటే మిగిలింది, అది పడేసినవాళ్లదే గెలుపు. బావగారు దాన్ని పొడిచారు. సంచి అంచుకు తగిలి వెనక్కి వచ్చింది.

నా వంతు వచ్చింది. తెల్లబంతి బల్ల ఈ చివరి గట్టుకు అతుక్కుని ఉంది, నల్లబంతి ఆ చివర మూలకు జానెడు దూరంలో ఉంది. గట్టుకు అతుక్కున్న బంతికి పైభాగం తప్ప పొడవడానికి ఏమీ దొరకదు. కర్ర మూతి వెంట్రుకవాసి లేచినా జారిపోతుంది. ఆ ఆరువందల గ్రాములతో అయితే నేను అక్కడే అయిపోయేదాన్ని. వంగాను. రెండుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించాను, కర్ర కదలిక సాఫీగా ఉంది. మెల్లగా పొడిచాను.

తెల్లబంతి బల్ల పొడవునా వెళ్లి నల్లబంతిని తాకింది. నల్లబంతి ఎంత నెమ్మదిగా దొర్లిందంటే, అందదు, అందదు అని ఎవరో పైకే అన్నారు. అంచు దాకా వెళ్లి ఒక్క క్షణం ఆగి, లోపలికి పడింది.

నేను అరిచాను. పెద్దవాళ్లున్నారని గానీ, బావగారున్నారని గానీ చూడలేదు, గెలిచానని గొంతు పగిలేలా అరిచాను. నలభై ఆరేళ్లలో అంత పెద్దగా ఎప్పుడూ అరవలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా ఆయన. నవ్విన పాపం అలా కడుక్కున్నారు.

బావగారు నా కర్రను అందుకుని వేలిమీద నిలబెట్టి చూశారు. "మంచిగున్నది," అని తిరిగిచ్చారు. తరువాత బోర్డు వైపు తిరిగి పెన్ను అందుకున్నారు గానీ మూత తీయలేదు.

"మంగళారం, శుక్కురారం ఏడు గంటలు నాయే గదమ్మా. ఇంటి మనిషివి. నా టైముల నువ్వు ఆడుకో. మళ్ల బోర్డు మీద కొత్తగ రాసుడెందుకు?"

మా ఆయన వెంటనే తలూపారు. మిగతావాళ్లు కూడా, అవునవును, బాగుందన్నారు.

"మీది నాకెందుకు బావగారూ?" అన్నాను. "మీ టైము మీరు ఇంకో రోజుకు మార్చుకొండ్రి. నేను గెలిసింది నాకు రాయుండ్రి."

బావగారు నన్ను చూశారు, నేను తల దించలేదు. ఆయన చివరికి పెన్ను మూత తీసి, రెండుచోట్ల తన పేరు తుడిచి, నా పేరు రాశారు. ఆయన మాట తప్పే మనిషి కాదు. రాశాక దాని పక్కనే మా ఆయన పేరు కూడా రాయబోయారు.

"చాలు బావగారూ, జాగ లేదు," అన్నాను.

బోర్డు మీద జాగ బోలెడుంది.