ఊరికే ఉన్న మగ్గం

వేలూరులో గుడియాత్తం బస్సెక్కి కూర్చున్నానో లేదో మేనేజర్ ఫోన్ చేశాడు. మా కంపెనీ సర్వర్‌లో ఒక్కో ప్రాసెసర్ కోర్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. అవి వేర్వేరు కస్టమర్లవైతే ఒకరి రహస్యం ఇంకొకరు పసిగట్టే వీలుంది. అందుకే ఒక కోర్‌ను ఒకసారికి ఒక్క కస్టమర్‌కే ఇచ్చేలా, పనులు పంచే షెడ్యూలర్‌ను మార్చాను. వేగం తగ్గింది. సాయంత్రంలోగా మళ్లీ పాత పద్ధతిలో పెట్టమని ఆయన అరిచాడు.

పక్క సీట్లో నూలు మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఏం గొడవని అడిగింది. చెప్పాను.

"మా ఇంట్లో రెండు మగ్గాలుండాయి నాయనా. నూలిచ్చి నేయించుకునే ఇద్దరు మొదలాళిల డిజైన్లు ఒకే తూరి ఎక్కించం. ఒకాయన మనిషి వచ్చినాడంటే ఇంకొకాయన రంగులు చూసి పోతాడు."

"అట్లైతే పని తక్కువ దినాల్లో ఒక మగ్గం ఊరికే ఉంటాది కదమ్మా?"

"ఉండనీ," అని మూట మీద గట్టిగా చరిచింది.

కే.వి.కుప్పం దాటాక మేనేజర్ మళ్లీ చేశాడు. "సగం కోర్ ఊరికే పడి ఉంది, తెలుసా?"

"ఉండనీ," అన్నాను.

ఆ ఉద్యోగం పోయింది. ఆ సెట్టింగ్‌ను తర్వాత ఎవరైనా మార్చారేమో తెలియదు. నేను మాత్రం మార్చలేదు.