నా బిడ్డ జీపు అద్దాలు

నా బిడ్డ పోయి నలభై రోజులైంది. కామెర్లు ముదిరాయి. దవాఖానలో మూడు రోజులే ఉంది. మేళ్లచెరువు దిక్కు మిరప చేలకు కూలికి పోయే ఆడవాళ్లందరూ ఆమెను ఎరుగుదురు. తన పాత జీపులో పొద్దున తీసుకుపోయి, చీకటి పడకముందే ఎవరి గడప ముందు వాళ్లను దింపేది.

ఆ జీపు నాలుగు అద్దాలూ చేత్తో తిప్పేవే. సిమెంటు లారీ ఎదురొస్తే గబగబా ఎత్తాలి, అది పోగానే దించాలి. దించకుంటే బట్టలకు పట్టిన మిరప ఘాటుకు అందరికీ ఒకటే దగ్గు. దుమ్ముకు అవి ఊరికే బిగుసుకునేవి. ప్రతి ఆదివారం పాత బ్రష్షుతో అద్దం జారే సందు తోమి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లేది.

ఒకసారి సాయం చేద్దామని ఆ సందుల్లో పల్లి నూనె పోశాను. రెండు రోజులు సర్రున జారాయి. మూడో రోజుకు దుమ్ము అంటుకుని ముద్దయింది, ఒక్కటీ కదల్లేదు. తిడుతుందనుకున్నాను.

"ఏందమ్మా, జీపుకు పోపు పెట్టినవా? జర కరివేపాకు గూడ ఎయ్యకపోయినవ్!" అని పడీ పడీ నవ్వింది.

"నవ్వకే. నీ తిప్పలు జూడలేక పోసిన."

"గ్రీజు తలుపు లోపల అద్దాన్ని లేపే పండ్ల చక్రానికే పెట్టాలె. అద్దం సందు పొడిగనే ఉండాలె."

బాగు చేశాక తను తిప్పి చూసుకునేది కాదు. కలుపు తీసి తీసి వాచిన నా వేళ్లు పట్టుకుని హ్యాండిల్ మీద పెట్టేది. "నీ చేతికి తిరిగితేనే బాగైనట్టు. ఎక్కేటోళ్లందరి చేతులు గిట్లనే ఉంటయి" అనేది.

ఆమె పోయాక జీపును ఎవరినీ ముట్టనివ్వలేదు. మిరప ఏరే రోజులు. దూరం నడవలేక కొందరు పని మానేశారు. ఆమె దగ్గరే బండి నేర్చుకున్న పక్కింటి కోడలు మొన్న వచ్చింది.

"పెద్దమ్మా, తాళం ఇయ్యరాదు? అక్క ఉంటె మమ్ముల గిట్ల నడవనిచ్చునా?"

"అద్దాలు బిగుసుకున్నయి బిడ్డా. రెండు రోజులు ఆగు" అన్నాను.

బ్రష్షు, గుడ్డ, పౌడరు తీసుకుని నేనే కూర్చున్నాను. చివరి అద్దం నా వేళ్లకే తిరిగి కిందికి జారినప్పుడు తలుపుకు ఆనుకుని ఏడ్చాను. లేచి తాళం ఇచ్చాను.

తెల్లారి జీపు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడ్డాను. ఒక్కో కిటికీలోంచి ఒక్కో చెయ్యి బయటికి ఉంది. ఎండకు గాజులు మెరుస్తున్నాయి.